ఏడో పళ్ళెం మీద హైమ బరువు

పద్దెనిమిదో వారం, సోమవారం

ఈ పుస్తకం నర్సు జుబేదా ఇచ్చింది. నా కోడలు హైమ రోజూ ఏం తింటోందో, సోమవారం తూకంలో ఎంత తూగిందో ఇందులో రాయమంది. పుస్తకం బరువు నూట ఎనభై గ్రాములు. దానికి బదులుగా మా ఇంట్లోంచి అంత బరువూ కిందికి దించాలి కనుక నా పాత చెప్పుల జత దిగుడుబుట్టలో వేశాను. రాయడానికి నాకు పదో తరగతి చదువు చాలు. ఓపికే చాలడం లేదు.

ఈ రోజు హైమ తూకం నలభై అయిదు కిలోల మూడు వందలు. కడుపుతో ఉందని తెలిసిన రోజు నలభై నాలుగు. ఇప్పటికి మూడు కిలోలైనా పెరిగి ఉండాలట.

గ్యాసు నింపిన నాలుగు పెద్ద గుడ్డ బుడ్డల కింద గాల్లో వేలాడే ఈ పళ్ళెం మీద నలభై ఇళ్ళున్నాయి. సోమవారం పొద్దున్నే అందరం తూకంబల్ల ముందు వరసలో నిలబడతాం. తూకం మేస్త్రి సోమరాజు గారు ఒక్కొక్కరి బరువూ మైకులో చదువుతారు. ఎవరైనా పెరిగితే ఆ ఇంటివాళ్ళు అంత బరువూ కిందికి దించాలి. లేకపోతే పళ్ళెం కింద ఉన్న వేడిగాలిలోకి, ఉడుకుపొరలోకి దిగుతుంది. నా చిన్నప్పుడు ఒకసారి అలా దిగింది. మా అమ్మ తులసి మొక్క ఒక్క పూటలో నల్లబడిపోయింది. అందుకే ఇక్కడ సోమవారం తూకం అయ్యేదాకా ఎవరూ మంచినీళ్ళు కూడా ముట్టరు. హైమ చేత నేను బలవంతాన పాలు తాగించి తీసుకెళ్ళాను. వరసలో నలుగురూ నన్నే చూశారు.

కొత్త ప్రాణం వస్తోందంటే ఆ బరువు ఒక్క ఇల్లు భరించలేదు. అందుకని మూడో నెలలో చోటు పెడతారు. ఇరుగుపొరుగు వాళ్ళు వచ్చి, కడుపుతో ఉన్న పిల్లకు బొట్టు పెట్టి, తమ ఇంట్లోది ఏదో ఒకటి ఆమె కళ్ళెదుటే దిగుడుబుట్టలో వేస్తారు. హైమకు పన్నెండు కిలోల చోటు వచ్చింది. పక్కింటి మంగతాయారు సన్నికల్లు వదిలింది. బాలాత్రిపుర గారు ఇత్తడి బిందె, పోచయ్య మాస్టారు పుస్తకాలు, నేను దోసెల పెనం. ఎవరు ఏమిచ్చారో గుమ్మం పక్కన పలక మీద రాసి, రోజూ సాయంత్రం దీపం పెట్టాక ఆ పేర్లు పైకి చదవడం అత్తగారి పని. ఆ పేర్లు బిడ్డకు రక్ష అంటారు. మా అత్తగారు నాకు చదివింది. నేను హైమకు చదువుతున్నాను. ఒక్క రోజు కూడా మానలేదు.

ఇరవయ్యో వారం, బుధవారం

మొన్నటి తూకం నలభై అయిదు నాలుగు వందలు. రెండు వారాలకు వంద గ్రాములు!

ఈ రోజు పెట్టినవి రాస్తున్నాను. పొద్దున పెసరట్లు రెండు. పెనం లేదు కనుక గిన్నె మూత మీద పోశాను. వంకరటింకరగా వచ్చినా రుచికి లోటు లేదు. హైమ బుడ్డల కుట్టుశాలలో ఒంటిపూట పని చేస్తుంది. అక్కడికి డబ్బాలో ఉడికించిన గుడ్డు, గుప్పెడు వేరుశెనగలు, సున్నుండలు రెండు, పెరుగన్నం పెట్టాను. డబ్బా ఖాళీగా తెచ్చింది, కడిగి మరీ తెచ్చింది. సాయంత్రం అన్నం, తోటకూర పప్పు, మజ్జిగ. దీపం పెట్టి, పేర్లు చదివి, వడ్డించాను. నాలుగు ముద్దలు తిని కంచం పక్కకు జరిపింది.

"చాలత్తయ్యా. పైకి తన్నుతోంది."

"ఇంకొక్క ముద్ద తినమ్మా. నీకోసం కాదు."

ఆ మాటకు తల దించుకుని ఇంకొక్క ముద్ద తిన్నది. మందు మింగినట్టు తిన్నది.

నా కొడుకు గిరిధర్ మోకుల పని నుంచి వచ్చాక అడిగాను.

"ఏరా, నీ పెళ్ళాం తిన్నదంతా ఎటు పోతోంది?"

"నన్నడిగితే నేనేం చెప్పనమ్మా? కడుపులోకే పోయుంటది."

"కడుపులోకి పోతే తూకంలో కనపడాలి కదా?"

"బల్ల పాడయిందేమో."

"నీకు సరిగ్గానే చూపించింది. నువ్వు రెండు వందలు పెరిగావు. అందుకే నీ టోపీ దించేశాను."

"నా టోపీయా! ఎండలో మోకులెక్కేవాణ్ణమ్మా నేను!"

వాడికి టోపీ దిగులు, నాకు కోడలి దిగులు. అమ్మవారి ముందు కూర్చుని నూటెనిమిది సార్లు నామం చెప్పుకున్నాను. యాభై దాటాక నామం మీద మనసు నిలవలేదు. రేపు డబ్బాలో సున్నుండలు నాలుగు పెట్టాలని అనుకుంటూ కూర్చున్నాను. తల్లీ, క్షమించు.

ఇరవై ఒకటో వారం, శుక్రవారం

జుబేదా పళ్ళేల మధ్య తిరిగే తాడుతొట్టెలో మూడో పళ్ళెం నుంచి వచ్చింది. హైమను పడుకోబెట్టి పొట్ట మీద టేపు పెట్టి కొలిచింది. రెండోసారి కూడా కొలిచింది.

"పద్దెనిమిది" అంది.

"వారాలా?"

"సెంటీమీటర్లమ్మా. ఈపాటికి ఇరవయ్యో, ఇరవై ఒకటో రావాలి."

"ఇద్దరికి సరిపడా పెడుతున్నానమ్మా నేను!"

"ఇద్దరికి పెట్టమని ఎవరన్నారు? మామూలు తిండికి తోడు ఓ గుడ్డు, గ్లాసుడు పాలు, కాసిన్ని పల్లీలు లోపలికి పోతే చాలు. మూడుసార్లు కుక్కకుండా అయిదారుసార్లు కొంచెం కొంచెం పెట్టండి. వారానికి అరకిలో వస్తే నాకు సంతోషం. ముందే సన్నగా ఉన్న పిల్ల. ఈమెకు పన్నెండు, పదమూడు కిలోలు రావాలి. అది రాకపోతే లోపలిదానికి అందడం లేదనే అర్థం."

హైమ గోడ వైపు తిరిగి పడుకుంది.

జుబేదా నన్ను బయటికి పిలిచి గొంతు తగ్గించింది. "ఇరవయ్యారో వారానికి రెండు కిలోలు పెరగాలి, టేపు కూడా కదలాలి. లేదంటే కింది ఆస్పత్రికి దించమని కాగితం రాస్తాను. నాకు వేరే దారి లేదమ్మా."

దించితే బిడ్డకు ఏడాది నిండేదాకా పైకి రానివ్వరు. కింద ఎండాకాలం మొదలైంది. కిందటేడు మా పళ్ళెం నుంచి దించిన ఇద్దరికీ ఆ వేడికి నెల తక్కువగానే నొప్పులొచ్చాయి. ఒక బిడ్డ దక్కింది.

"ఈ పుస్తకం చూడు తల్లీ. ఏ రోజు ఏం పెట్టానో ఒక్కటీ వదలకుండా రాశాను" అన్నాను.

జుబేదా నాలుగు పేజీలు తిప్పింది. "మీరు పెట్టింది ఉందమ్మా ఇందులో. ఆమె తిన్నది ఎక్కడుంది?"

నాకు చాలా కోపం వచ్చింది. టీ పెట్టి ఇచ్చాను.

ఇరవై రెండో వారం, సోమవారం

ఈ రోజు జరిగినది వరసగా రాయాలి.

హైమ తూకం నలభై అయిదు అయిదు వందలు. సోమరాజు గారు మైకులో చదివి, "చోటు ఇంకా పదిన్నర కిలోలు ఖాళీగా ఉందమ్మాయ్! చక్కగా ఉన్నావు, గాలిలా ఉన్నావు!" అన్నారు. ఇక్కడ అంతకంటే పెద్ద మెచ్చుకోలు లేదు. హైమ నవ్వి దిగింది. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండింది.

తర్వాత మంగతాయారు ఎక్కింది.

"మంగతాయారు, అరవై ఒకటి ఎనిమిది వందలు. నెల కిందట అరవై." సోమరాజు గారు మైకు పక్కన పెట్టి మరీ చూశారు. "ఏంటమ్మా, నీకూ చోటు పెట్టాలా ఏంటి?"

వరసంతా నవ్వింది.

"నవ్వండి, నవ్వండి" అంది మంగతాయారు. నా వైపు తిరిగి చేతులు జోడించింది. "మహాతల్లీ, భ్రమరాంబ వదినా, ఇక చాలు! నీ సున్నుండలకు దండం. రోజూ రెండు సున్నుండలు, గుడ్డు, పల్లీలు పంపిస్తుంటే మనిషన్నాక తినకుండా ఉంటానా? సన్నికల్లు ఇచ్చినందుకు నన్నే సన్నికల్లును చేస్తున్నావు!"

"నేనెప్పుడు పంపాను?"

"నీ కోడలి చేతే కదా? కుట్టుశాలకు పోతూ పోతూ ఇచ్చి వెళుతుంది. మా అత్తయ్య ఇమ్మన్నారని."

నేను హైమ కోసం చూశాను. వరసలో లేదు. అప్పటికే ఇంటి దారి పట్టింది.

నా కోడలి ఒంటికి పట్టవలసిన బరువు నెల రోజులుగా పళ్ళెం దాటి పోలేదు. పక్కింట్లోనే ఉంది.

ఇంటికి వెళ్ళేసరికి మంచం అంచున కూర్చుని ఉంది. నేను తలుపు దగ్గరగా వేశాను. నా గొంతు పెద్దది కాదు. ఈ రోజు దానికదే పెద్దదైంది.

"నీ కడుపున ఉన్నదానికి పెట్టినది తీసుకెళ్ళి ఊరికి పంచుతావా? ఆ బిడ్డ నీకేం చేసింది?"

హైమ మెల్లగా అంది. "మంగతాయారు అత్తకు రుబ్బుకోవడానికి రాయి లేదు. బాలాత్రిపుర గారు ప్లాస్టిక్ చెంబుతో పది సార్లు తిరిగి నీళ్ళు మోస్తున్నారు. మాస్టారు వరండాలో ఖాళీగా కూర్చుంటారు. చదవడానికి ఏమీ లేదు ఆయనకి. రోజూ చూస్తున్నానత్తయ్యా."

"వాళ్ళు ఇష్టంగా ఇచ్చారే. ఎవరైనా నిన్నొక మాట అన్నారా?"

"ఎవరూ అనలేదు. మీరు చదువుతారు కదా."

"నేనా?"

"రోజూ దీపం పెట్టాక చదువుతారు. సన్నికల్లు నాలుగు కిలోలు. బిందె మూడు కిలోలు. పుస్తకాలు మూడున్నర. పెనం కిలోన్నర. చదివాక కంచం ముందు పెట్టి, తిను అంటారు. ఆ పేర్లన్నీ గొంతులో అడ్డం పడుతుంటే ఎలా దిగుతుందత్తయ్యా? వాళ్ళకి కాస్త తిరిగి పెడితేనన్నా ఈ ముద్ద మింగగలుగుతానేమో అనుకున్నాను."

నా నోట వచ్చిన మాట మంచిది కాదు. "దేవుడి ముందు చదివేది కూడా తప్పేనా?" అని అరిచి, అల్లం దంచడానికి వంటగదిలోకి వెళ్ళిపోయాను. అవసరమైనదానికంటే ఎక్కువ దంచాను.

ఇరవై రెండో వారం, గురువారం

మూడు రోజులు ఇద్దరం పనికి తగ్గ మాటలే మాట్లాడుకున్నాం. గిరిధర్ మా మధ్య కూర్చుని "ఉప్పందించమ్మా" అన్నా ఎవరిని అన్నాడో మాకు తెలియక ఇద్దరం అందించాం.

నిజం రాయాలి. ఈ మూడు రోజులూ నాకు కోడలి మీద ఉన్నంత కోపం నా మీద కూడా ఉంది. ముప్పై ఏళ్ళుగా చేసే పూజలో నాకు తెలియని తప్పు ఉంటుందని ఎప్పుడూ అనుకోలేదు. మా అత్తగారు చదువుతుంటే నాకెలా ఉండేదో గుర్తు తెచ్చుకోవాలని చూశాను. గుర్తొచ్చింది. నా కొడుకు రెండు కిలోల వంద గ్రాములతో పుట్టాడు. అందరూ ఎంత తేలిగ్గా పుట్టాడో అని మెచ్చుకున్నారు. నేనూ సంబరపడ్డాను. వాడు మూడు నెలలు పాలు లాగలేక ఏడ్చాడన్నది మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఈ సాయంత్రం దీపం పెట్టాను. పలక ముందు నిలబడ్డాను. పలక తుడవడానికి చెయ్యి రాలేదు. ఆ పేర్లు ఇచ్చినవాళ్ళవి. తుడిచే హక్కు నాకు లేదు. చివరికి, తల్లీ, ఎవరేమిచ్చారో నీకు తెలియనిది కాదు, నేను పైకి చదివితే గాని నీకు వినపడదా అని అడిగాను. నోరు మూసుకుని మనసులో చదువుకున్నాను. వడ్డించి కంచం హైమ ముందు పెట్టాను.

పక్కనే పీట వేసుకుని కూర్చోబోతే హైమ అంది. "అత్తయ్యా, ఒక్క మాట అంటే ఏమీ అనుకోరు కదా?"

"అనుకుంటాను. అయినా చెప్పు."

"నేను తింటున్నప్పుడు ముద్దలు లెక్కపెట్టకండి. అసలు చూడకండి."

ఇదొకటి మిగిలింది. లేచి బయటికి వెళ్ళి అరుగు మీద ఇంటికి వీపు పెట్టి కూర్చున్నాను. చెంచా చప్పుడు వినపడిందా లేదా అని చెవులు లోపలే ఉన్నాయి. మెడ తిప్పకుండా కూర్చోవడం ఇంత కష్టమని తెలియదు. ఏకాదశి ఉపవాసం దీనికంటే సుఖం.

ఈ రోజు హైమ తిన్నది: తెలియదు.

ఇరవై మూడో వారం, సోమవారం

తూకం వరసలో నేను ముందు నిలబడి, హైమను వెనక నిలబెట్టాను. నా వంతు రాగానే బల్ల ఎక్కకుండా సోమరాజు గారి దగ్గరికి వెళ్ళాను.

"మా కోడలి తూకం మైకులో చదవకండి."

"అందరిదీ చదువుతానమ్మా. మా ఆవిడది కూడా చదువుతాను. ఇంటికెళ్ళాక ఏం జరుగుతుందో అది నా ఖర్మ."

"రాసుకోండి. చదవద్దు."

"ఇవాళ మీరు దాస్తే రేపు ప్రతివాళ్ళూ దాస్తారు. పళ్ళెం దిగిపోతే ఎవరిది పూచీ?"

"ఆ పిల్లకి పన్నెండు కిలోల చోటు ముందే ఇచ్చాం. అది దాటిన రోజు చదవండి. మైకు నేనే పట్టుకుంటాను."

"రూలు రూలేనమ్మా. పక్కకు రండి."

నేను పక్కకు రాలేదు. మైకు మీద అరచెయ్యి పెట్టాను. నా గాజుల చప్పుడు పళ్ళెమంతా వినపడింది. నలభై ఇళ్ళవాళ్ళూ మాటలాపారు. ఇన్నేళ్ళలో ఎవరికీ ఎదురు చెప్పని దాన్ని. నా గుండె చప్పుడు కూడా మైకులో వినపడుతుందేమోనని భయం వేసింది.

"ఆ పిల్లని మీరు గాలి అంటున్నారు సోమరాజు గారూ. గాలిని కనడం లేదు అది" అన్నాను.

వరసలోంచి మంగతాయారు అరిచింది. "ఆ మైకు కట్టెయ్యవయ్యా! నా తూకం చదివి నవ్వించింది చాల్లేదా నీకు?"

సోమరాజు గారు మైకు కట్టేశారు. ఇష్టం లేకుండానే కట్టారు. "కడుపుతో ఉన్నవాళ్ళకి మాత్రమే" అని నాలుగుసార్లు అన్నారు.

హైమ బల్ల ఎక్కింది. నేను మెడ చాపి ముల్లు చూడబోయాను. సోమరాజు గారు అరచేత్తో ముల్లు మూశారు.

"నేను దాని అత్తగారినండీ!"

"మీరే కదమ్మా వద్దన్నది?"

హైమ దిగి నా వైపు చూడకుండా వెళ్ళిపోయింది. ఎంత వచ్చిందో అడిగితే, "రాసుకున్నారు కదత్తయ్యా" అంది.

తూకం: తెలియదు.

ఇరవై నాలుగో వారం, శనివారం

పలక చదవడం మానేశానని బాలాత్రిపుర గారికి కోపం వచ్చింది. బిడ్డకు రక్ష తీసేశావు అని గుమ్మంలో నిలబడి అడిగారు. మనసులో చదువుతున్నానండీ, అమ్మవారికి చెవుడు లేదు అన్నాను. అంత మాట నా నోటినుంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు. ఆవిడ గుడ్లప్పగించి చూసి వెళ్ళిపోయారు. రెండు రోజులుగా పలకరించడం లేదు.

మంగతాయారు మాత్రం ఈ రోజు మధ్యాహ్నం నేరుగా లోపలికొచ్చి హైమ ఎదురుగా చతికిలబడింది.

"ఏమే, కడుపుతో ఉన్నదాని తిండి నాచేత తినిపించావు. ఏ నరకంలో పడేద్దామని నన్ను?"

హైమ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మీరు సన్నికల్లు ఇచ్చారు కదత్తా. దాంతో మీకెంత అవసరమో నాకు..."

"సన్నికల్లా?" మంగతాయారు నా వైపు దొంగచూపు చూసింది. "ఒక నిజం చెబుతాను. మీ అత్త తిట్టకూడదు మరి. ఆ రాయి నిరుడే బీటలు వారింది. పచ్చడి రుబ్బితే ఇసక తగిలేది. ఎలా వదిలించుకుందామా అని చూస్తుంటే నీ కడుపు పండింది."

"అయితే నా పలక మీద అంత పెద్ద అక్షరాలతో..." అన్నాను నేను.

"అరవై మూడు రోజులు చదివావు వదినా. ప్రతిరోజూ మా ఇంట్లోకి వినపడేది. సిగ్గుతో చచ్చాను."

హైమ నవ్వింది. ముందు మెల్లగా, తర్వాత పొట్ట పట్టుకుని నవ్వింది. పెళ్ళయినప్పటి నుంచీ అంత గట్టిగా నవ్వడం నేను చూడలేదు. నాకు నవ్వు రాలేదు. నా పెనం మంచిది. దాన్ని నేను నిజంగానే వదిలాను. అది మాత్రం పైకి అనలేదు.

ఈ వారం హైమ తిన్నది: తెలియదు. పల్లీల డబ్బా రెండుసార్లు నింపాను. గుడ్లు మూడే మిగిలాయి. ఎవరు తిన్నారని గిరిధర్‌ని అడిగితే, నా మీద పడకమ్మా, నాకు టోపీ కూడా లేదు అన్నాడు.

ఇరవయ్యారో వారం, శుక్రవారం

జుబేదా పొద్దున్నే వచ్చింది. కాగితం కూడా తెచ్చింది. సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టింది. పేరు, పళ్ళెం నంబరు ముందే రాసి ఉన్నాయి. సంతకం ఒక్కటే తక్కువ.

నా పుస్తకం అడిగింది. ఇచ్చాను. తెలియదు, తెలియదు, తెలియదు అని పేజీల నిండా ఉంది.

"ఇదేంటమ్మా? నేను రాయమన్నది ఇదేనా?"

"చూస్తే తినదు. చూడకపోతే రాయలేను. ఏం చెయ్యమంటావు?"

"మీరు బయట ఉండండి" అని తలుపు వేసుకుంది. తూకంబల్ల చీటీ సోమరాజు గారి దగ్గర ముందే తెచ్చుకుందట. ఆ చీటీ నాకు చూపించలేదు.

అరుగు మీద నిలబడ్డాను. కూర్చోలేకపోయాను. లోపల టేపు తీసిన చప్పుడు. మాట లేదు. మళ్ళీ టేపు చప్పుడు. రెండోసారి కొలుస్తోంది. పోయినసారి కూడా రెండోసారి కొలిచింది. స్తోత్రం మొదలుపెట్టాను. రెండో పాదం గుర్తు రాలేదు. ఇన్నేళ్ళుగా చెప్పుకున్నది, గుర్తు రాలేదు. తల్లీ తల్లీ అంటూ అదే పాదం పట్టుకుని నిలబడ్డాను.

తలుపు తెరుచుకుంది. జుబేదా కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి సంచిలో వేసుకుంది.

"దించక్కర్లేదు. ఇంకా కొంచెం వెనకబడే ఉంది, కానీ అందుకుంటోంది. ఇలాగే పోనివ్వండి."

"ఎంత పెరిగింది?"

"అది ఆమెనే అడగండి. నాతో ఒట్టు వేయించుకుంది."

జుబేదా వెళ్ళాక లోపలికి వెళ్ళాను. హైమ మంచం మీద కూర్చుని పొద్దున నేను పెట్టిన కంచం ఒళ్ళో పెట్టుకుని ఉంది. కంచం ఖాళీ. చూడకూడదని గోడ వైపు చూస్తూ అడిగాను.

"నాకొక్కదానికీ చెప్పమ్మా. ఎవరికీ చెప్పను. పుస్తకంలో కూడా రాయను. ఎన్ని కిలోలు?"

"చెప్పను."

"నాలుగు వారాలుగా వీపు చూపించి కూర్చున్నానే!"

"ఇంకా కూర్చోండి." కంచం నా వైపు చాపింది. "అత్తయ్యా, కందిపచ్చడి ఇంకాస్త ఉందా?"

ఉందన్నాను. లేదు. పొయ్యి వెలిగించి కందిపప్పు వేయించడం మొదలుపెట్టాను.